ఒత్తులు రాలిన చీటీ: పలాస కాటా దగ్గర ఒక కేస్ స్టడీ

"ఏటి బావూ, నా పేరు ఇలగ ఇరిగిపోనాదేటి?"

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి గుమస్తా గారు ఫోన్ చేశారు. సంగతి ఎలా చెప్పాలో తెలియక ఫోన్ రైతు చేతికే ఇచ్చేశారు. ఆ రైతు నాతో అన్న మొదటి మాట ఇది. కాసేపటికి వాట్సాప్‌లో చీటీ ఫోటో వచ్చింది. పేరు పక్కన ఆయన వేలు కూడా ఫోటోలో పడింది. "అప్పన్న" ఉండాల్సిన చోట "అప్‌పన్‌న" అని ఉంది. ఊరి పేరు వజ్రపుకొత్తూరు మరీ అన్యాయంగా "వజ్‌రపుకొత్‌తూరు" అయింది. కొమ్ములూ కొమ్ముదీర్ఘాలూ తలకట్టు మీదికెక్కి నల్లటి మచ్చల్లా ఉన్నాయి.

ఆ చీటీలు ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. దాన్ని షాపులో పెట్టి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. అంతకుముందు పదకొండు మందికి చీటీలు వెళ్లాయి. అన్నీ ఇలాగే ఉన్నాయి, ఒక్కరూ అడగలేదు. కంప్యూటర్ తెలుగు ఇలాగే ఉంటుందేమో అనుకున్నారట. ఆ మాట నన్ను ఫోన్‌కాల్ కంటే ఎక్కువ బాధపెట్టింది.

తెలుగులో బిల్లు ప్రింట్ చేయించబోయే ప్రోగ్రామర్లు ఎవరికైనా ఈ గొయ్యి ఎదురయ్యేదే. అందుకే జరిగింది జరిగినట్టు, నా తప్పులతో సహా రాస్తున్నాను.

షాపు, చీటీ, తరుగు

నేను శ్రీకాకుళంలో ఉంటాను. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లలేదు. ఎరువుల కొట్లకూ మందుల షాపులకూ బిల్లింగ్ రాసిపెడుతుంటాను. మా వీధిలో మాత్రం ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువుకూ నేనే వైద్యుణ్ని. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉండగా ఫ్రిజ్ మెకానిక్ దేనికని మా పిన్ని ఇప్పటికీ అంటుంది.

ఈ కేసులో షావుకారు గారిది కాశీబుగ్గ వైపు జీడిపప్పు ఫ్యాక్టరీ. ఉద్దానం ఊళ్ల నుంచి రైతులు జీడి పిక్కలు తెస్తారు. కాటా వేసి, తరుగు తీసి, డబ్బు లెక్కగట్టి చీటీ ఇస్తారు. పిక్కలు కొనే లెక్క 80 కిలోల బస్తాకు. పప్పు అమ్మే లెక్క వేరు. అక్కడ పౌనుకు ఎన్ని గుళ్లు (పప్పు పలుకులు) అని చూస్తారు. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గుళ్లు తూగేది. మొదటి లెక్క రైతుకు తెలుసు. రెండోది రైతు దాకా రాదు. గొడవ ఎప్పుడొచ్చినా ఈ రెండిటి దగ్గరా కాదు, మధ్యలో ఉన్న తరుగు దగ్గరే. తేమకూ తాలుకూ బస్తాకు ఇంత అని తీసేసే బరువే తరుగు. పాత చీటీల మీద అది "డీఈడీ" అని మూడు ఇంగ్లిషు అక్షరాల్లో ఉండేది. అంటే డిడక్షన్ అని రైతుకు ఎలా తెలుస్తుంది? తెలుగులో ఇవ్వమని రైతులే అడిగారు. షావుకారు గారు సరేనన్నారు.

కంప్యూటర్ మీద ఆయనకు అంతకుముందే గురి కుదిరింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి గోడౌన్ రేకులు లేచిపోయి, ఖాతా పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఎవరికెంత అడ్వాన్స్ ఇచ్చారో రైతుల నోటి మాట మీదే మళ్లీ రాసుకున్నారు. ఒకరిద్దరు తప్ప అందరూ నిజమే చెప్పారని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను కట్టింది

షాపులో ఒక పాత విండోస్ కంప్యూటర్, మూడంగుళాల థర్మల్ ప్రింటర్ ఉన్నాయి. ఈ రకం ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది. కాగితం అడ్డంగా 576 చుక్కలు పడతాయి. ప్రింటర్ లోపల ఇంగ్లిషు అక్షరాలు సిద్ధంగా ఉంటాయి, తెలుగు ఉండదు. నేరుగా "అ" పంపిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కాబట్టి తెలుగు చీటీ కావాలంటే చీటీ మొత్తాన్ని ఒక బొమ్మగా గీసి, ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపాలి.

గీయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పిల్లో అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాడాను. షాపు పేరు, "ఊరు", "బస్తాలు", "తరుగు", "చెల్లించిన మొత్తం" లాంటి మారని మాటలన్నిటినీ ఇంటి దగ్గర నా లాప్‌టాప్‌లో ఒక్కసారి గీసి, బొమ్మలుగా దాచేశాను. షాపు కంప్యూటర్ పాతది కదా, ప్రతి చీటీకీ అదే పని మళ్లీ చేయించడం ఎందుకనుకున్నాను. రైతు పేరు, ఊరి పేరు, అంకెలు మాత్రం షాపులో అప్పటికప్పుడు గీస్తుంది. ఈ అతితెలివి సంగతి తర్వాత చెబుతాను.

పెట్టిన రోజు టెస్ట్ చీటీ తీశాను. పేరు రమణ, ఊరు మందస, రెండు బస్తాలు. ముత్యాల్లా వచ్చింది. షావుకారు గారు టీ, గరిజలు తెప్పించారు. సాయంత్రం పాసింజర్‌కి ఇంటికి వచ్చేశాను.

ముందు అనుమానించినవాళ్లు

నా మొదటి అనుమానం గుమస్తా గారి మీదే. యాభై ఏళ్ల మనిషి, తెలుగు టైపింగ్ కొత్త, ఒత్తు బదులు పొల్లు కొట్టి ఉంటారనుకున్నాను. "బాబాయ్, పేరు మళ్లీ ఒకసారి టైపు చెయ్యండి" అని మూడుసార్లు చేయించాను. ఆయన ఓపిగ్గా చేశారు. మూడుసార్లూ అదే చీటీ వచ్చింది.

తర్వాత డేటాబేస్‌లో ఆ పేరు తీసి, ఒక్కో అక్షరానికీ కంప్యూటర్లు గుర్తుగా వాడే యూనికోడ్ సంఖ్య చూశాను. అప్పన్నకు వచ్చినవి 3077, 3114, 3149, 3114, 3112, 3149, 3112. అంటే అ, ప, పొల్లు, ప, న, పొల్లు, న. ఉండాల్సినవి సరిగ్గా ఇవే. గుమస్తా గారి తప్పేమీ లేదు. ఆయనకు సారీ చెప్పాను. "దేనికి బాబూ?" అన్నారు. ఆయన్ను అనుమానించినట్టు ఆయనకు తెలియనే లేదు.

ఆయన అనుమానం మాత్రం ప్రింటర్ మీద. "ఏడెక్కిపోనాది బాబూ, ఒత్తులు కాలిపోనాయి" అన్నారు. నవ్వొచ్చింది కానీ, ఆ సమయానికి నా దగ్గరున్న సిద్ధాంతం అంతకంటే గొప్పదేమీ కాదు. ఖతి (ఫాంట్) పాడైందేమో అనుకుని నోటో తెలుగు తీసి మండలి పెట్టించాను, తర్వాత రామభద్ర పెట్టించాను. మూడు ఖతుల్లోనూ అప్పన్న మూడు రకాల అందంతో విరిగాడు.

ఇదంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద, స్క్రీన్ షేరింగ్‌లో. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ కదలడానికి టీ తాగి రావచ్చు. నడుమ కరెంటు పోతుంది. కరెంటు వచ్చాక కంప్యూటర్ లేవడానికి ఐదు నిమిషాలు, నన్ను లోపలికి రానిచ్చే తొమ్మిది అంకెల నంబర్ గుమస్తా గారు చదవడానికి రెండు నిమిషాలు. ఆ లోపు కాటా దగ్గర ఇద్దరు రైతులు లైన్లో ఉంటారు, వాళ్ల పని ఆపడానికి వీల్లేదు. గుమస్తా గారు ప్రింటైన పేరు మీద పెన్నుతో గీత కొట్టి, పక్కన గుండ్రటి దస్తూరీతో సరైన పేరు రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రింటర్ కంటే ఆయనే నయం.

ప్రింటర్‌ను మాత్రం ఆ రోజే నిర్దోషిగా వదిలేశాను. బొమ్మను ప్రింటర్‌కు పంపే ముందు హార్డ్‌డిస్క్‌లో సేవ్ చేయించి, వాట్సాప్‌లో తెప్పించుకుని చూశాను. బొమ్మలోనే ఒత్తులు లేవు. ప్రింటర్ తనకిచ్చిన చుక్కల్ని తనకిచ్చినట్టే వేసింది.

మిగిలినది ఒక్కటే ప్రశ్న. డేటా బాగుంది. షాపులో స్క్రీన్ మీద పేరు బాగానే కనబడుతోంది. అదే ప్రోగ్రాము, అదే ఖతి, పిల్లో వెర్షన్ కూడా అదే, నా లాప్‌టాప్‌లో గీయిస్తే అప్పన్న నిక్షేపంగా ఉన్నాడు. షాపులో ఎందుకు విరుగుతున్నాడు?

ఒత్తు ఎక్కడ పుడుతుంది

మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కాను. తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ ఉప్పు మడుల దగ్గరికి వచ్చేసరికి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పిల్లో డాక్యుమెంటేషన్ చదువుతున్నాను. మొదటి రోజే చదవాల్సింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

తెలుగు కోసం యూనికోడ్ 128 స్థానాలు కేటాయించింది. అందులో అచ్చులున్నాయి, హల్లులున్నాయి, గుణింతపు గుర్తులున్నాయి, పొల్లు ఉంది. ఒత్తులు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఆ హల్లు కింద ఒత్తుగా పడాలన్నది ఒక ఒప్పందం. ఆ ఒప్పందాన్ని ఎవరో ఒకరు అమలు చెయ్యాలి. ఖతి లోపల ఒత్తు ఆకారాలు, ఏది వస్తే ఏది వాడాలో చెప్పే పట్టికలు ఉంటాయి. ఆ పట్టికలు చదివి అక్షరాన్ని కూర్చేది ఇంకో సాఫ్ట్‌వేర్. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. హార్ఫ్‌బజ్ అలాంటిదే. బ్రౌజర్‌లో షేపింగ్ పని లోపలే జరిగిపోతుంది. నా ప్రోగ్రాము షాపులో స్క్రీన్ మీద కనబడేది బ్రౌజర్‌లోనే, అందుకే అక్కడ పేరు బాగుంది.

పిల్లోకు గీయడంలో రెండు దారులున్నాయి. ఒకటి సాదా దారి: అక్షరం తర్వాత అక్షరం పక్కపక్కన పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లిషుకు సరిపోతుంది. రెండోది రక్మ్ అనే లైబ్రరీ దారి. అది హార్ఫ్‌బజ్‌తో షేపింగ్ చేయిస్తుంది, తెలుగుకు కావాల్సింది ఇదే. రక్మ్ పని చెయ్యాలంటే ఫ్రిబిడి అనే మరో లైబ్రరీ కూడా కంప్యూటర్‌లో ఉండాలి. నా లినక్స్ లాప్‌టాప్‌లో అది ఎప్పుడో దేనితోనో కలిసి వచ్చేసింది. విండోస్‌లో మనమే ఆ ఫైలు తెచ్చి పెట్టుకోవాలి. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది.

ఫ్రిబిడి చేసే పని తెలిస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపులకు వరస సరిచూడటం దాని పని. తెలుగుకు ఆ అవసరమే లేదు. అయినా అది లేకపోతే రక్మ్ దారి మొత్తం మూసుకుపోతుంది. వజ్రపుకొత్తూరు అప్పన్న పేరులో పా వత్తు పడాలంటే, అరబిక్ కోసం రాసిన ఫైలు ఒకటి పలాసలో ఉండాలన్నమాట.

సరే, ఏదో ఫైలు లేదు. లేనప్పుడు ఏం జరగాలి? నా లెక్కలో ప్రోగ్రాము ఆగిపోవాలి, ఎర్ర అక్షరాల్లో నాలుగు బూతులైనా తిట్టాలి. జరిగింది వేరు. రక్మ్ దొరక్కపోతే పిల్లో మారు మాట్లాడకుండా సాదా దారిలోకి దిగి, తనకు చేతనైనట్టు గీసి ఇచ్చేసింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు. దాని వైపు నుంచి చూస్తే పని విజయవంతం. పదిహేనేళ్ల అనుభవంలో నాకు ఎక్కువ రాత్రులు పాడుచేసినవి క్రాష్ అయిన ప్రోగ్రాములు కావు, ఇలా సర్దుకుపోయినవే. క్రాష్ అయితే కనీసం ఎక్కడ పడిందో తెలుస్తుంది. సర్దుకుపోయిన దాన్ని పట్టుకోవడానికి చీటీ చదివే రైతు ఒకరు కావాలి.

రమణ, మందస

మరి టెస్ట్ చీటీ ఎందుకు బాగా వచ్చింది? పుండి స్టేషన్ దాటాక వెలిగింది. రమణ, మందస అని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. గుడి లేదు, కొమ్ము లేదు, దీర్ఘం లేదు, ఒత్తు లేదు. అన్నీ ఉత్త తలకట్టు అక్షరాలే, మధ్యలో ఒక సున్న. అక్షరాలు పక్కపక్కన పెట్టుకుంటూ పోయినా తప్పు బయటపడని మాటలు తెలుగులో వెతికితే కొన్ని దొరుకుతాయి. వాటిలోంచి రెండు నేను ఏరి కోరి పెట్టుకున్నాను. "తరుగు", "చెల్లించిన మొత్తం" లాంటి కష్టమైన మాటలు షాపులో గీస్తే మొదటి నిమిషంలోనే దొరికిపోయేవాణ్ని. వాటిని ఇంటి దగ్గరే గీసి బొమ్మలుగా తెచ్చాను కదా, అవి నిక్షేపంగా వచ్చాయి. ఇందాక అతితెలివి అన్నది దీన్నే.

మా ప్రాంతంలో ఇలాంటి టెస్ట్ పెట్టడం మరీ క్షమించరాని తప్పు. సింహాచలం అప్పన్న పేరు లేని ఇల్లు ఇక్కడ తక్కువ. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ. అవి కాకపోతే ఎర్రన్న, చిన్నమ్మి. రిజిస్టర్ తిరగేస్తే పేజీ నిండా ఒత్తులే. ఇప్పుడు నా టెస్ట్ పేర్ల జాబితాలో మొదటివి అప్పలస్వామి, లక్ష్మణమూర్తి. ఊళ్లలో వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం. రమణను పూర్తిగా తీసెయ్యలేదు, ఉత్త తలకట్లకు కూడా ఒకరు ఉండాలిగా.

వైద్యం

పలాస చేరి, షాపు కంప్యూటర్‌లో రక్మ్ ఉందా అని పిల్లోనే అడిగాను. దానికి ఒక చిన్న కమాండ్ ఉంది. లేదంది. అడిగితే చెబుతుంది, అడక్కపోతే చెప్పదు.

ఫ్రిబిడి ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. పైథాన్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, మళ్లీ చీటీ తీశాను. అప్‌పన్‌న. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. అప్‌పన్‌న. ఫోల్డర్లు మార్చాను, పేరులో చిన్న అక్షరాలు పెద్ద అక్షరాలు చూశాను, ఆఖరికి పిల్లో తీసేసి మళ్లీ వేశాను. గంటన్నర పోయింది. షావుకారు గారు రెండుసార్లు వచ్చి వెనక నిలబడి వెళ్లారు. ప్రోగ్రామర్ వెనక నిలబడి స్క్రీన్ వైపు చూస్తే పని త్వరగా అవుతుందన్న నమ్మకం హైదరాబాద్‌లో మేనేజర్లకే ఉంటుందనుకునేవాణ్ని.

తప్పు మళ్లీ నాదే. తొందరలో షాపులో 32-బిట్ పైథాన్ పెట్టాను. తెచ్చిన ఫైలు 64-బిట్‌ది. 32-బిట్ ప్రోగ్రాము 64-బిట్ ఫైలును లోపలికి తీసుకోలేదు. తీసుకోలేకపోయానని ఇక్కడ కూడా ఎవరూ చెప్పలేదు. ఫైలు లేనట్టే భావించి, ఎప్పటిలాగే సాదా దారిన పోయింది. 64-బిట్ పైథాన్ వేసి, అదే ఫైలు పెట్టాక, పిల్లో రక్మ్ ఉందంది. చీటీ తీశాను. అప్పన్న నిలబడ్డాడు.

కానీ నడుం దగ్గర తెగాడు. పేరు లైనుకు నేను ఇచ్చిన ఎత్తు ఇంగ్లిషు అలవాటుతో ఇచ్చినది. ఒత్తు కిందికి దిగేసరికి ఊరి లైను వచ్చి దాన్ని కోసేసింది. వజ్రపుకొత్తూరులో రా వత్తు సగమే కనబడింది. 24 చుక్కల అక్షరానికి 30 చుక్కల లైను సరిపోలేదు. 44 ఇచ్చాక కుదిరింది. దాంతో చీటీ పొడవైంది, ప్రతి చీటీకీ కాగితం ఖర్చు పెరిగింది. షావుకారు గారు రోలు ధర అడిగి, మనసులో లెక్క వేసుకుని, ఏమీ అనలేదు.

అసలు మందు ఆ ఫైలు అని నేను అనుకోను. రేపు కంప్యూటర్ మారుస్తారు, ఎవరో పైథాన్ మళ్లీ వేస్తారు, అదే జబ్బు మళ్లీ మౌనంగా వస్తుంది. అందుకని రెండు పనులు చేశాను. ప్రోగ్రాము మొదలవగానే రక్మ్ ఉందో లేదో చూసి, లేకపోతే "తెలుగు ఒత్తులు రావు, ఫలానా నంబర్‌కు ఫోన్ చెయ్యండి" అని తెర నిండా చెప్పి ఆగిపోతుంది. రెండోది నాకు బాగా నచ్చింది. పిల్లోకు మాట గీయమని చెప్పేటప్పుడు భాష తెలుగు అని కూడా చెప్పొచ్చు. రక్మ్ ఉంటే అది తీసుకుంటుంది. లేకపోతే, సాదా దారికి భాష అంటే తెలియదు కాబట్టి, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంటే భాష పేరు చెబితే చాలు, సర్దుకుపోవడం మానేస్తుంది. మొదటి రోజే ఆ ఒక్క మాట రాసి ఉంటే టెస్ట్ చీటీ దగ్గరే పట్టుబడేది, ఇంతమంది పేర్లు విరిగేవి కావు.

షావుకారు గారు చివరికి అడిగారు. "ఏం చేశావు బాబూ?"

"ఒక ఫైలు పెట్టానండీ."

"రెండు రోజులు... ఒక ఫైలా?"

దీనికి జవాబు చెప్పడం ప్రోగ్రామర్లలో ఎవరికీ చేతకాదు. బిల్లులో ఆ రెండు రోజులూ వేసుకోలేదు. తప్పు నాది కదా.

ఇద్దరు ప్రసాద్‌లు

మే రెండో వారంలో మరో ఫోన్. కంచిలి వైపు నుంచి ఒక కుర్ర రైతు వచ్చాడు, పేరు ప్రసాద్. సీజన్‌కి ముందు 20 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు. పిక్కలు తూచాక చీటీలో అడ్వాన్స్ తగ్గలేదు, మొత్తం డబ్బు ఇవ్వమని వచ్చింది. ప్రసాద్ నిజాయితీపరుడు కాబట్టి తనే చెప్పాడు. వెతికితే ఒకే ఊళ్లో ఇద్దరు ప్రసాద్‌లున్నారు. ఒకరికి అడ్వాన్స్ ఉంది, పిక్కలు లేవు. ఇంకొకరికి పిక్కలున్నాయి, అడ్వాన్స్ లేదు. తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకటే.

ఈసారి ప్రింటర్‌నీ గుమస్తా గారినీ అనుమానించలేదు. నేరుగా సంఖ్యలు తీశాను. ఒక ప్రసాద్ చివర పొల్లు, 3149. రెండో ప్రసాద్ చివర 3149 తర్వాత ఇంకొకటి: 8204.

8204 కంటికి కనబడని అక్షరం. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా పడకుండా ఆపడం దాని పని. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే ట కింద వా వత్తు పడకుండా ఉండటానికి మధ్యలో అదే ఉంటుంది. చాలా అవసరమైన అక్షరం. కానీ కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా దాన్ని అడక్కుండా తగిలిస్తాయి. తర్వాత హల్లేమీ లేకపోయినా సరే. అడ్వాన్సులు రాసింది షావుకారు గారి అబ్బాయి, ఫోన్‌లో. పిక్కలు రాసింది గుమస్తా గారు, కంప్యూటర్‌లో. రెండు కీబోర్డులు, రెండు అలవాట్లు. డేటాబేస్‌కు చూపు లేదు, అది సంఖ్యలే పోలుస్తుంది. ఒకటి ఎక్కువుంటే వేరే మనిషి.

అన్ని పేర్లూ వెతికిస్తే ఇలాంటి జంటలు ఏడు దొరికాయి. భాస్కర్, ఈశ్వర్, కిరణ్, అందరూ నలభై లోపు వాళ్లే. పెద్దవాళ్ల పేర్లు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బతికిపోయారు. అప్పన్నకు ఒత్తు బాధ, ప్రసాద్‌కు పొల్లు బాధ.

పరిష్కారానికి అరగంట పట్టింది. పేరు చివర 8204 ఉంటే తీసేసి దాచడం, పోల్చేటప్పుడు మధ్యలోవి కూడా పక్కనపెట్టి పోల్చడం. చూపించేటప్పుడు మాత్రం మధ్యలోవి ఉండాలి, లేకపోతే రాజ్‌కుమార్ రాజ్కుమార్ అయిపోతాడు. పనిలో పనిగా ఐత్వం కూడా చూశాను. ఐత్వాన్ని 3144 అనే ఒకే సంఖ్యగా రాయొచ్చు, 3142, 3158 అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. రెండిటినీ ఒకటే చేసే పద్ధతి యూనికోడ్‌లోనే ఉంది, పైథాన్‌లో ఒక లైను పని. మా డేటాలో రెండు ముక్కల ఐత్వం ఒక్కటీ దొరకలేదు. అయినా ఆ లైను ఉంచేశాను.

ఏడు జంటల్నీ ప్రోగ్రాముతో కలపలేదు. గుమస్తా గారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నాకే కలిపాం. వాళ్లలో ఇద్దరు కిరణ్‌లు నిజంగానే ఇద్దరు, పెదనాన్న చిన్నాన్న పిల్లలు. ఇప్పుడు పేరుతో పాటు తండ్రి పేరు గడి కూడా ఉంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఖాతా పుస్తకంలో అది ఉండేదట. నేనే అనవసరమని తీసేశాను.

మిగతావి

కాటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చేలా ఒక కేబుల్ పెట్టాను. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని తీసి పక్క యూఎస్‌బీ రంధ్రంలో పెట్టారు. విండోస్ దానికి కొత్త పోర్ట్ నంబర్ ఇచ్చింది. ప్రోగ్రాము పాత నంబర్ దగ్గర కూర్చుని సున్నా కిలోలు చదివింది. ఆ రంధ్రం పక్కన ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టించాను. తర్వాత ప్రోగ్రాము అన్ని పోర్టులూ వెతుక్కునేలా రాశాను కానీ, పని చేస్తున్నది నెయిల్ పాలిష్ అని నా అనుమానం.

పాత అడ్వాన్సుల పట్టిక దిగుమతి చేసేటప్పుడు తేదీలు తిరగబడ్డాయి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అనుకుంది. ఏప్రిల్ 5న ఇచ్చిన డబ్బు మే 4కు వెళ్లింది. 12వ తేదీ దాటినవి మాత్రం, పదమూడో నెల లేదు కాబట్టి, తేదీగా కాకుండా ఉత్త మాటలుగా ఉండిపోయాయి. అవి అలా ఉండిపోవడం వల్లే దొరికింది. ఇలాంటిది పన్నెండేళ్ల కిందట ఒకసారి చేశాను. మళ్లీ చేశాను.

తర్వాత

జూన్ మొదట్లో ఆ పెద్దాయన అప్పన్న గారు చివరి విడత పిక్కలు తెచ్చినప్పుడు నేను షాపులోనే ఉన్నాను. పాత చీటీలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వడానికి వచ్చాను. థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. ఆయన దాచుకున్న ఏప్రిల్ చీటీ మీద విరిగిన పేరు అప్పటికే సగం మాసిపోయి ఉంది. గుమస్తా గారు పెన్నుతో రాసింది మాత్రం అలాగే ఉంది.

కొత్త చీటీ చేతికిచ్చాను. వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. పేరు, ఊరు, బస్తాలు. అక్కడ వేలు ఆగింది.

"పేరు బాగానే ఉన్నాది బావూ. తరుగే ఎక్కువేసినారు."

గుమస్తా గారు గొంతు సవరించుకున్నారు. పదిహేను నిమిషాలు వాదన జరిగింది. బస్తాకు అర కిలో తగ్గింది. ఆయన వెళ్లాక షావుకారు గారు నన్ను పక్కకు పిలిచి, తరుగు లైను అక్షరాలు కాస్త చిన్నవి చెయ్యడం కుదురుతుందా అని అడిగారు.

24 చుక్కల కంటే తగ్గిస్తే ఒత్తులు కనబడవండీ అన్నాను. తరుగు అనే మాటలో ఒత్తే లేదని ఆయన గమనించలేదు.